మిర్యాలగూడకు ఎన్ని గళ్లు? మా శనివారం గుంపు నుంచి ఒక కేస్ స్టడీ

2019 వేసవి చివర్లో మా ప్రోగ్రామర్ల గుంపులోకి ఒక అమ్మాయి వచ్చింది. మూడు శనివారాలు వచ్చి నాలుగో వారం మానేసింది. అలా వచ్చి మానేసినవాళ్లు అప్పటికే చాలామంది. ఎవరి గురించీ మేం రెండోసారి అనుకోలేదు. ఈ అమ్మాయి గురించి అనుకోవాల్సి వచ్చింది. అప్పుడు మేం రాస్తున్న తెలుగు గళ్లనుడికట్టు ప్రోగ్రాములో ఒక పెద్ద తప్పుంది. గదిలో ఉన్న పదిహేనుమందిలో అది ఆమె ఒక్కదానికే కనిపించింది. చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

ఎందుకు అనలేదన్నదే ఈ కేసు. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు వద్దంది, ఊరి పేరు మాత్రం ఉంచమంది.

గుంపు, దాని పద్ధతి

నేను బ్యాకెండ్ ప్రోగ్రామర్‌ని. 2006లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగంలో చేరాను. 2014లో ముగ్గురు స్నేహితులం కలిసి ఈ గుంపు పెట్టాం. ఎస్సార్ నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో కోచింగ్ గది ఒకటి శనివారం సాయంత్రాలు ఖాళీగా ఉండేది. ఐదు నుంచి ఎనిమిది దాకా మాది. జీతం కోసం చేసే పని కాకుండా, అందరికీ ఉచితంగా పనికొచ్చే ప్రోగ్రాములు రాయాలి, ఒకరి కోడ్ ఒకరు చదవాలి. ఆశయం అది. ఇప్పటికీ అదే.

రానిచ్చే పద్ధతి మాత్రం కఠినంగా ఉండేది. ఎవరైనా చేరతామంటే ఒక లెక్క ఇచ్చేవాళ్లం. రాసి తెచ్చిన కోడ్‌ను ప్రొజెక్టర్ మీద వేసి, ముందు వరసలో కూర్చున్న నలుగురైదుగురు ప్రశ్నలు వేసేవాళ్లు. ఈ వేరియబుల్ ఎందుకు? లిస్టు ఖాళీగా వస్తే? పది లక్షల రికార్డులు వస్తే? దీనికి మాలో ‘ఉతుకుడు’ అని పేరు. ఉతికి ఆరేశాక కూడా నిలిచిందే కోడ్, ఆ ఉతుకుడు తట్టుకున్నవాడే ప్రోగ్రామర్. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఉండదని గట్టిగా నమ్మాం. కోడ్ బాగుంటే చాలు, ఏ కాలేజీ, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్లే ఉండరు కదా అని.

ఆ నమ్మకం మాకు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి లినక్స్. 1991లో మొదలైన ఆ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్, పనికిరాని కోడ్ పంపినవాళ్లను అందరి ముందూ తిట్టడం మా తరం ప్రోగ్రామర్లందరికీ తెలిసిన సంగతి. మంచి కోడ్ కావాలంటే అలా తిట్టాలి కాబోలు అనుకున్నాం. 2018 సెప్టెంబర్‌లో ఆయనే తన తీరుకు క్షమాపణ చెప్పాడు. ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని కొన్ని వారాలు పని పక్కన పెట్టాడు. అదే నెలలో కెర్నెల్ ప్రాజెక్టు ఒక ప్రవర్తనా నియమావళిని కూడా తెచ్చుకుంది. అక్టోబర్‌లో ఆయన తిరిగొచ్చాడు, కెర్నెల్ ఎప్పట్లాగే సాగింది. ఆ వార్త మేం గదిలో కూర్చుని చదువుకున్నాం, గంటసేపు వాదించుకున్నాం. అది మాకూ వర్తిస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

రెండోది నా సొంత కథ. 2007లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సీనియర్ నా కోడ్‌ను పదిమంది ముందు పైకి చదివి, ‘ఇది రాయడానికి జీతం ఎందుకు’ అన్నాడు. బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ఆ రాత్రి నుంచి వారం రోజులు నిద్ర తగ్గించుకుని డేటాబేస్ జాయిన్‌లన్నీ నేర్చుకున్నాను. ఆ అవమానమే నన్ను ప్రోగ్రామర్‌ని చేసిందని పన్నెండేళ్లు నమ్మాను, కొత్తవాళ్లకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నాతోపాటు అదే రోజు చేరిన ఇంకో అమ్మాయి ఉండేది. లాజిక్‌లో నాకన్నా చురుకు. ఆమెకూ అలాంటి రోజే ఒకటి వచ్చింది. మూడు నెలల్లో ఆమె హెచ్చార్‌కి మారిపోయింది. ఆమె గురించి నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నిలబడ్డవాళ్లం మిగిలి కథలు చెబుతాం, వెళ్లిపోయినవాళ్ల కథ చెప్పడానికి ఆ గదిలో ఎవరూ ఉండరు. ఈ సంగతి నాకు 2019 దాకా తెలియలేదు.

మూడు శనివారాలు

ఆమెది మిర్యాలగూడ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ కంప్యూటర్స్. మాధాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో మాన్యువల్ టెస్టింగ్ (ప్రోగ్రాముల్ని చేత్తో వాడి చూసి తప్పులు పట్టే పని) చేసేది. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ, ఆ ఏడే మొదలైన హైటెక్ సిటీ మెట్రోలో ఆఫీసుకు వెళ్లేది. డెవలప్‌మెంట్‌లోకి, అంటే కోడ్ రాసే పనిలోకి, మారాలని కోరిక. మా సభ్యుడొకరు ఆమె ఆఫీసులో పనిచేస్తాడు, అతను తీసుకొచ్చాడు.

మొదటి శనివారం పరిచయాలు. మా దగ్గర అప్పట్లో పరిచయమంటే మూడు ముక్కలు: ఏ కాలేజీ, ఏ కంపెనీ, ఏ లాంగ్వేజ్. అదీ ఇంగ్లీషులో. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా అలవాటైంది. ఆమె తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, ‘టెస్టింగ్’ అని ఒక్క మాట అని కూర్చుంది.

రెండో శనివారం ఆమె కోడ్ తెర మీదికి వచ్చింది. లెక్క సరిగ్గానే చేసింది. జవాబులన్నీ వచ్చాయి. కానీ ఇఫ్ (షరతు)లో ఇఫ్, దానిలో ఇంకో ఇఫ్, చదివేవాళ్లకు చిక్కుముడిలా ఉన్నాయి. ముందు వరసలోంచి ఒకరు ‘ఇది అచ్చం అమీర్‌పేట కోడ్’ అన్నారు. గది నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అమీర్‌పేటలోనే నేర్చుకున్న నేనూ నవ్వాను. ఈ కేసులో నేను ఇప్పటికీ మర్చిపోలేనిది ఆ నవ్వే. అక్కడ కూర్చున్న సగంమందికి మొదటి ఉద్యోగం అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల కోచింగ్ సందుల్లోంచే వచ్చింది. నేర్చుకున్న చోటునే తిట్టుగా మార్చి కొత్తగా వచ్చిన పిల్ల మీద వేశాం.

మూడో శనివారం ఆమె వెనక బెంచీలో గోడ వైపు కూర్చుంది. వెళ్లేముందు నేను దగ్గరికెళ్లి, ఈరోజు చెప్పింది అర్థమైందా అని అడిగాను. ‘అయింది మేడమ్’ అంది. ఆ మాటకు నేను తృప్తిపడ్డాను.

తప్పు

అప్పట్లో మేం చేస్తున్నది తెలుగు గళ్లనుడికట్టు తయారుచేసే ప్రోగ్రాము. పదాల జాబితా ఇస్తే అదే గళ్లు అమర్చి, అడ్డం నిలువు సరిచూసి ఇవ్వాలి. ముందు వరస ధ్యాసంతా వేగం మీదే. పదం సరిపోకపోతే వెనక్కి వచ్చి ఇంకో పదం పెట్టి చూసే పద్ధతిలో అక్కర్లేని దారుల్ని ఎంత తొందరగా వదిలేయొచ్చన్న దాని మీద మూడు వారాలు వాదన నడిచింది. మంచి వాదనే. నాకు చాలా ఇష్టమైన చర్చల్లో అదొకటి.

గళ్లనుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం. తెలుగులో అక్షరం అంటే ఏమిటన్నది కంప్యూటరుకు అంత తేలికగా అర్థం కాదు. ‘తెలుగు’ అన్న మాట మనకు మూడక్షరాలు. కంప్యూటర్లు అన్ని లిపుల్నీ దాచుకునే యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. పైథాన్ లాంగ్వేజ్‌లో పొడవు అడిగితే ఆరు అంటుంది. ఇది మాకు తెలుసు, అందుకే అక్షరాల హద్దులు చెప్పే లైబ్రరీ (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్) ఒకటి తెచ్చి పెట్టాం. గుణింతాలన్నీ చక్కగా విడిపోయాయి. కమలం, తెలుగు, హైదరాబాదు అన్నీ సరిగ్గా గళ్లలో పడ్డాయి. ఆ పని అయిపోయిందనుకుని వేగం వైపు వెళ్లిపోయాం.

మేం పరీక్షించిన మాటల్లో ఒక్క ఒత్తు లేదు.

ఆనాటి యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం, ఒత్తును కలిపే పొల్లు (్) ముందున్న హల్లుకు అతుక్కుని అక్కడితో ఆ ముక్క ముగుస్తుంది, తర్వాతి హల్లు కొత్త ముక్క. మా లైబ్రరీ ఆ నియమాన్నే పాటించింది. దాంతో ‘స్త్రీ’ ఒక గడిలో పడాల్సింది స్, త్, రీ అని మూడు గళ్లయింది. ‘అమ్మ’ కూడా మూడు గళ్లే.

ఇది మాకు తెలిసింది రెండు నెలల తర్వాత. గళ్లనుడికట్లు కూర్చే అలవాటున్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి చూపిద్దామని చిక్కడపల్లి వెళ్లాం. ఆయన మొదటి మాటగా ‘కృష్ణ’ అని కొట్టమన్నారు. మూడు గళ్లు వచ్చాయి. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, ‘ఏమ్మా, మీ కంప్యూటరుకి ఒత్తులు రావా?’ అన్నారు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగారు. మా ముగ్గురికీ నోట మాట రాలేదు. రెండున్నర నెలల పని, పదిహేనుమంది, పుట్టినప్పటి నుంచీ తెలుగు చదివేవాళ్లం.

తిరిగొచ్చాక పాత కాపీలు ఎవరి దగ్గర ఏమున్నాయో చూస్తుంటే, ఆమెను తీసుకొచ్చిన సభ్యుడు ఒక మాట అన్నాడు: ‘ఆ అమ్మాయి అప్పుడే ఏదో గళ్లు ఎక్కువొస్తున్నాయని ఆఫీసులో నాతో అనబోయింది, నేను పనిలో ఉండి వినలేదు.’

ఆమె చెప్పింది

మైత్రివనం ఎదురు సందులో ఒక జ్యూస్ సెంటర్లో కలిశాం. రూమ్మేటును తోడు తెచ్చుకుంది. నేను విషయం చెప్పగానే, ‘అదా మేడమ్, మా ఊరి పేరు కొడితే ఆరు గళ్లు వచ్చినయ్. ఐదే కదా రావాలె’ అంది. మి, ర్యా, ల, గూ, డ. వేళ్లమీద లెక్కపెట్టి చూపించింది.

మరి ఆ రోజే చెప్పొచ్చు కదా అన్నాను.

‘మీరు అర్థమైందా అని అడిగిన్రు. అర్థమైంది. తప్పుందా అని ఎవరూ అడగలే.’

దీనికి నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక మిగతాది మెల్లగా చెప్పింది. మొదట తనే తప్పు కొట్టాననుకుందట, అంత పెద్ద లైబ్రరీ తప్పు చేస్తుందా అని. ఇంకో పది మాటలు కొట్టి చూసి నమ్మకం కుదిరాక, శనివారం చెప్పడానికి ఇంగ్లీషులో రెండు వాక్యాలు హాస్టల్లో రాసుకుంది. ‘రాసుకున్నది తప్పు ఉంటదేమో అని మా రూమ్మేటుకు చూపెట్టిన. బాగనే ఉంది అన్నది. కానీ అక్కడ మీ అందరి మాటల నడుమ సందు దొరకలే. దొరికినా, మల్ల అమీర్‌పేట అంటరు.’ తన యాస బయటపడుతుందని కూడా భయపడ్డానంది. ఆఫీసులో ‘వచ్చిన్రు, పోయిన్రు’ అంటే నవ్వుతారట, అందుకే తక్కువ మాట్లాడటం నేర్చుకుందట.

మేం ఆ అమ్మాయి గురించి ‘సిగ్గరి’ అనుకున్నాం. రూమ్మేటుతో ఆ రోజు ఆమె ఎంత గలగలా మాట్లాడిందో చూశాక ఆ మాట నాకు తప్పనిపించింది. ఒక్క మాట పెగలాలంటే మూడు గుమ్మాలు దాటాలి: లైబ్రరీని కాదనే ధైర్యం, ఇంగ్లీషు, యాస. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. మేం వాళ్ల తెలివిని మెచ్చుకున్నప్పుడు అందులో ఎంత వాటా ఈ గుమ్మాలు లేకపోవడానిదో ఎప్పుడూ లెక్కగట్టలేదు.

ఇది కొత్త సంగతేమీ కాదని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 1990ల్లో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడారు. ఇంటి దగ్గరే కంప్యూటరుతో పెరిగి ముందే కోడ్ రాయడం వచ్చిన పిల్లల్ని చూసి, మిగతావాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, తమకు ఈ చదువు రాదనుకుంటున్నారని తేల్చారు. అక్కడ ముందే కోడింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపును ప్రవేశాల్లో సడలించారు, కొత్తవాళ్లకు వేరే మొదటి మెట్టు పెట్టారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరే ఆడపిల్లలు 1995లో నూటికి ఏడుగురు ఉంటే 2000 నాటికి నూటికి నలభై ఇద్దరయ్యారు. ఆ మార్పులు మొదలైన రోజుల్లో అక్కడ కంప్యూటర్ సైన్స్ డీన్‌గా ఉన్నది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నదీ, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షత వహించిందీ ఆయనే. ఇది చదివినప్పుడు నాకు గర్వం, సిగ్గు రెండూ కలిగాయి.

ఏమి మార్చాం

మొట్టమొదట పరిచయాలు మార్చాం. పేరు, ఈ మధ్య నిన్ను విసిగించిన ప్రోగ్రాము ఏది, అంతే. తెలుగులో. ఏ యాస అయినా సరే. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛ లాంటి సంస్థ ఈ నగరంలోనే ఉండగా, మేం తెలుగు ప్రోగ్రాము గురించి ఇంగ్లీషులో ఎందుకు మాట్లాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది.

రెండోది, కొత్తవాళ్ల మొదటి కోడ్ తెర మీదికి రాదు. ఒక పాత సభ్యుడు, ఒక కొత్త సభ్యుడు, రెండు కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్. కీబోర్డు కొత్తవాళ్ల దగ్గరే ఉంటుంది. ప్రశ్నలు అవే. ఖాళీ లిస్టు, పది లక్షల రికార్డులు, అన్నీ అడుగుతాం. ఎదురుగా పద్నాలుగు జతల కళ్లు ఉండవు, అంతే తేడా.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది చీటీలు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కోడ్ తెర మీద వేశాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ప్రతి ఒక్కరూ, ముందు వరసవాళ్లతో సహా, ఒక చీటీ మీద ‘ఇది ఎక్కడ పగులుతుంది’ అన్నది రాయాలి. తప్పు దొరకకపోతే, తనకు అర్థం కాని ఒక లైను నంబరు రాయాలి. ఖాళీ చీటీ ఇవ్వకూడదు. పేరు రాయక్కర్లేదు. చీటీలన్నీ ఒక డబ్బాలో వేసి, ఆ వారం వంతున్నవాళ్లు పైకి చదువుతారు. కోడ్ రాసినవాళ్లు ఒక్కొక్కదానికి జవాబు చెబుతారు.

మొదటి చీటీల రోజు నాకు బాగా గుర్తుంది. పదమూడు చీటీల్లో నాలుగింట్లో ఒకే లైను నంబరు ఉంది. అది నా కోడ్. ఎవరికీ అర్థం కాని ఆ లైను మూడు నెలలుగా అలాగే ఉంది, నాకు మాత్రం ఏదో పెద్ద చమత్కారంగా అనిపించేది. నాలుగేళ్ల నుంచి వస్తున్న ఒకాయన ఆ రోజు నాతో అన్నాడు: ‘నాకు ఆ లైను ఎప్పుడూ అర్థం కాలేదండీ, ముందు వరసలో కూర్చుని అడగలేకపోయాను.’ అంటే మా ఉతుకుడు వెనక బెంచీనే కాదు, ముందు బెంచీని కూడా నోరు మూయించిందన్నమాట.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్ల లెక్క తీసింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ కనిపిస్తాయనుకుంది, ఎక్కువ కనిపించాయి. అక్కడ నర్సులు పొరపాటును దాచకుండా చెప్పగలుగుతున్నారు, అదీ కారణం. మా చీటీల డబ్బా పెట్టిన నెలలోనే గళ్లనుడికట్టులో బయటపడ్డ తప్పులు అంతకుముందు ఏ నెలలోకన్నా ఎక్కువ. మా కోడ్ ఒక్కసారిగా పాడైందా? తప్పులన్నీ ముందునుంచీ ఉన్నవే.

మిర్యాలగూడ అమ్మాయి అక్టోబర్‌లో తిరిగొచ్చింది. నేను రమ్మని బతిమాలలేదు. ఒత్తుల తప్పు సరిదిద్దే పని ఆమెకే ఇస్తామని చెప్పాను. పొల్లు తర్వాత హల్లు వస్తే విడగొట్టకుండా కలిపి ఉంచే చిన్న ఫంక్షన్ (కోడ్ ముక్క) రాసింది. అక్కడ కూడా ఇఫ్‌లో ఇఫ్ ఉంది. పక్కన కూర్చుని ఇద్దరం విప్పాం.

మేం చేసిన రెండో పొరపాటు

ఇక్కడితో కథ బాగైందనిపిస్తుంది. అలా జరగలేదు. ఒకసారి మనిషిని నొప్పించామన్న బాధతో మేం ఆ తర్వాతి రెండు నెలలు కొత్తవాళ్ల కోడ్‌ను మెత్తగా చూశాం. ‘బాగుంది, ఇంకొంచెం చూసుకో’ అని వదిలేసేవాళ్లం. ఒకరోజు ఆమె నా దగ్గరికొచ్చింది. అప్పటికి మేడమ్ పోయి అక్కా అయింది.

‘అక్కా, ఆయన కోడ్‌కు ఇరవై తప్పులు రాసిన్రు. నా దానికి రెండే. నాది అంత మంచిగుందా, లేకుంటే నాకు చెప్పినా ఫాయిదా లేదనుకున్నరా?’

రెండోదే నిజమని ఒప్పుకోవడానికి నాకు కష్టమైంది. ఆమెకు చేతకాదని కాదు, తట్టుకోలేకపోతుందని మేమే తీర్మానించేశాం. గట్టిగా చెప్పకపోవడం కూడా గుంపు బయట నిలబెట్టడమే అయింది. ఆ రాత్రి ఆమె కోడ్‌కు పదహారు వ్యాఖ్యలు రాశాను, ప్రతిదానికీ కారణంతో. వారం తర్వాత పద్నాలుగు సరిచేసి, రెండింటి మీద నాతో వాదించింది. ఒకదాంట్లో ఆమె మాటే సరైనది.

కఠినంగా ఉండటం కొత్తవాళ్లను తరిమేస్తుందా అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ ఒక్క గుంపులో చూసినంత వరకు నా అభిప్రాయం ఇది. కోడ్ మీద ఎంత గట్టిగా ఉన్నా, చోటు దొరికిన మనిషి తట్టుకుంటుంది. ఇంకా చోటు దొరకని మనిషిని, అందరి ముందు, కోడ్ వదిలేసి పుట్టుక గురించో చదువు గురించో అంటే మాత్రం వెళ్లిపోతుంది. మొండిగా నిలబడేది ఎవరంటే, ఇంతకుముందే ఇంకెక్కడో చోటు దొరికి ఉన్నవాళ్లు. అన్న ఇంజనీరు అయినవాళ్లు, ఇంగ్లీషు మీడియంవాళ్లు, కాలేజీలో పోటీలకు వెళ్లొచ్చినవాళ్లు. 2007లో నేను నిలబడటానికి కూడా కారణం ఉంది. మా మావయ్య అప్పటికే ప్రోగ్రామర్, ఆ రాత్రి ఆయనకు ఫోన్ చేశాను. నా కథలో ఈ ఫోన్ ముక్కను నేనెప్పుడూ చెప్పేదాన్ని కాదు.

ముందు వరసతో

ఇది కష్టమైన భాగం, ఇందులో నేను పూర్తిగా గెలవలేదు. గట్టిగా మాట్లాడేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు ఈ పని మీద ప్రేమ. ఆ ఆరాటంలో ఇతరులకు సందు ఇవ్వరు. కాలిఫోర్నియాలో హార్వీ మడ్ కాలేజీలో ఇలాంటి విద్యార్థుల్ని క్లాసులో అణచకుండా, విడిగా పిలిచి, ‘నీతో మాట్లాడటం నాకు ఇష్టం, కానీ క్లాసులో మిగతావాళ్లు బెదురుతున్నారు, ఈ చర్చ మనిద్దరం విడిగా చేద్దాం’ అంటారని చదివాను. నేనూ అలాగే ముగ్గురితో విడివిడిగా మాట్లాడాను. ఇద్దరు అర్థం చేసుకున్నారు. ఒకరు ఇప్పుడు కొత్తవాళ్ల పక్క కుర్చీలో కూర్చోవడానికి అందరికన్నా ముందు చేయెత్తుతారు.

మూడో ఆయన, ‘అమీర్‌పేట కోడ్’ అన్నాయన, గుంపు ట్యూషన్‌లా తయారైందని వెళ్లిపోయాడు. మాలో బగ్ పట్టడంలో అంతటివాడు లేడు. మెమరీ తప్పు ఎక్కడుందో కోడ్ చదివే చెప్పేవాడు. ఆయన వెళ్లడం నష్టమే, ఇప్పటికీ లోటు తెలుస్తుంది. ఆ మెత్తదనం నడిచిన రెండు నెలల గురించి ఆయన అన్న మాట కూడా నిజమే. మారిన పద్ధతి చూడటానికి ఇంకో నెల ఆగి ఉంటే బాగుండేది.

ఇంకో వైపు, అన్నీ మార్చాక వచ్చిన ఒక అబ్బాయి కూడా నాలుగు వారాలకు మానేశాడు. ఫోన్ చేస్తే ‘బిజీ అక్కా’ అన్నాడు. ఏ గుమ్మం అడ్డమొచ్చిందో నాకు దొరకలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గది మూతపడింది. వీడియోలో కలిశాం. చీటీలు టైపు చేసే చీటీలయ్యాయి. గదిలో ఎప్పుడూ పెదవి విప్పనివాళ్లు అక్కడ పేరాలు పేరాలు రాశారు. 2022లో మళ్లీ గదికి వచ్చాక, రాసే ఆ ఐదు నిమిషాలను పదికి పెంచాం.

ఇప్పుడు

ఆమె డెవలపర్ అవ్వలేదు. ప్రోగ్రాములతోనే తప్పులు పట్టించే టెస్ట్ ఆటోమేషన్ వైపు వెళ్లింది, కావాలనే. తప్పులు వెతకడమే తనకు ఇష్టమంది. నెలలో రెండు శనివారాలు వస్తుంది. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది, మేం ఎక్కువ మాట్లాడమని అడగం.

2023 సెప్టెంబర్‌లో యూనికోడ్ 15.1 వచ్చింది. అందులో పొల్లు దగ్గర విడగొట్టకూడదన్న నియమాన్ని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేర్చారు. ఆ నియమంతో మేం వాడే లైబ్రరీ కూడా మారింది. మాలో ఎవరూ గమనించలేదు. కొన్ని నెలలకు ఒక శనివారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది: ‘ఒత్తులు కలిపే ఫంక్షన్ ఇంక ఎందుకు? తీసేసి చూశాను, అన్నీ సరిగ్గానే వస్తున్నాయి.’ రాసింది అప్పటికి రెండు వారాల క్రితం చేరిన పిల్లాడు, మహబూబ్‌నగర్ వైపు. చదివే వంతు ఆమెది. తను రాసిన మొదటి ఫంక్షన్ అది.

‘ఎవరు రాసిన్రు?’ అంది. పిల్లాడు కొంచెం ఆగి చేయెత్తాడు.

‘ఏమేం మాటలు కొట్టి చూసినవ్?’

అతను పది మాటలు చెప్పాడు. ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి ఇంకో ఇరవై కొట్టింది. మూడేసి హల్లులు కలిసినవి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, అన్నీ. అరగంట పట్టింది. అందరం చూస్తూ కూర్చున్నాం. ఆఖరికి ఫంక్షన్ తీసేయమంది. దాన్ని సరిచూసే టెస్టులు కూడా తీసేయొచ్చా అని అతను అడిగాడు.

ఒక్కటి ఉంచమంది. మిర్యాలగూడ, ఐదు గళ్లు.